అంగుళం తెరమీద ఆదోని స్టేషను

ఎమ్మిగనూరు పిల్లవాడు రైలు చూడాలంటే ఆదోనికి పోవాలి. రెండు ఊళ్లకూ నడుమ ఉన్నది సుమారు 30 కిలోమీటర్ల దారి మాత్రమే. అయినా ఆ దారికి ఒక కొసన రైలు కూత వినిపిస్తుంది. రెండవ కొసన వినిపించేది మగ్గం చప్పుడు. మద్రాసునుండి వచ్చిన ఇనుపదారీ, బొంబాయినుండి వచ్చిన ఇనుపదారీ 1871లో రాయచూరు వద్ద కలుసుకున్నాయి. ఆ మహామార్గం ఆదోనిని తాకుతూ పోయింది గాని ఎమ్మిగనూరు వైపు తిరగలేదు. ఆదోని పత్తి వ్యాపారానికి రైలు అండ దొరికింది. ఎమ్మిగనూరు తన నేతనే నమ్ముకొని నిలిచింది. 1938లో మాచాని సోమప్ప గారు నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దూరదేశాలకు తీసుకొనిపోయింది.

ఒక ఊరి రైలూ, ఇంకొక ఊరి నేతా ఒకే బల్లమీద కలుసుకోగల చోటు ఒకటి ఉన్నది. అది నమూనా రైలు. ఆ రెంటినీ కలిపే సూత్రం అంగుళమైనా లేని ఒక వెలుగు తెర.

బల్లమీది లోకం

నమూనా రైలును పిల్లల ఆటవస్తువుగా మాత్రమే ఎంచడం పొరపాటు. జర్మనీ దేశంలోని మెర్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పులకు ఒక క్రమం ఏర్పరచి, విడివిడిగా కొన్న బండ్లు, పట్టాలు ఒకదానితో ఒకటి అమరేటట్లు చేసింది. నాటినుండి ఇదొక కొలతల విద్య అయినది. నేడు లోకంలో ఎక్కువగా వాడుకలో ఉన్న కొలత 87లో ఒక వంతు. ఈ లెక్కన 165 సెంటీమీటర్ల మనిషి 19 మిల్లీమీటర్ల బొమ్మ అవుతాడు. పెరంబూరు కర్మాగారంలో తయారైన పాతరకపు పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, బల్లమీద అది ఇంచుమించు 245 మిల్లీమీటర్లు. అర కిలోమీటరు ప్లాట్‌ఫారానికి మాత్రం 5.75 మీటర్ల బల్ల కావాలి. అంత చోటు ఏ పాఠశాలకూ దొరకదు కనుక, ఏది ఉంచాలో ఏది విడవాలో నిర్ణయించుకోక తప్పదు. కవికీ చిత్రకారుడికీ ఉన్న కష్టమే ఇది.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. మన బ్రాడ్‌గేజి పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు 19 మిల్లీమీటర్లకు పైన తేలుతుంది. కాని ఐరోపా దేశాల 1435 మిల్లీమీటర్ల దారిని అనుసరించి అంగడిలో దొరికే నమూనా పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే. అందుచేత ఈ దేశంలో చాలమంది ఆ పట్టాలమీదనే మన బండ్లను నడిపి తృప్తిపడుతున్నారు.

పూణేలో 1998నుండి జోషీ గారి సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల ఉన్నది. హాంబర్గు నగరంలో 2001లో తెరచిన ప్రదర్శనలో పావుగంటకొకసారి పగలు రాత్రిగా మారి, వేలాది చిన్నదీపాలు వెలుగుతాయి. ఇవి గొప్ప నగరాల వైభవాలు. అయితే దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు తీర్చే తెలుగు ఇంటికి ఈ విద్య కొత్తది కాదు. చెక్క మెట్లమీద ఊరును నిలిపి, ఇసుకతో పొలం చేసి, అద్దం ముక్కతో చెరువు చేసే చేతులకు స్టేషను కట్టడం ఎంత పని?

తెర ఎంత, ఊరు ఎంత

ఇటీవలి సంవత్సరాలలో ఈ బల్లలమీదికి కొత్తగా వచ్చినది చిన్న డిజిటల్ తెర. నాలుగైదు వందల రూపాయలకు లోపుగానే దొరికే ఒక తెరను తీసుకుందాము. కర్ణం 0.96 అంగుళం. వెలిగే భాగం 21.7 మిల్లీమీటర్ల వెడల్పు, 10.9 మిల్లీమీటర్ల ఎత్తు. 87తో గుణిస్తే ఇది నిజ ప్రపంచంలో సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 0.95 మీటరు ఎత్తు గల పలక అవుతుంది. ప్లాట్‌ఫారం కప్పుక్రింద వ్రేలాడుతూ బండ్ల రాకపోకలు చెప్పే బోర్డుకు ఇంతకంటె తగిన కొలత దొరకదు. అందులో అడ్డంగా 128, నిలువుగా 64, మొత్తం 8192 చుక్కలు. ఒక్కొక్క చుక్క నమూనాలోకం కొలతలో ఒకటిన్నర సెంటీమీటరు. విద్యుద్దీపాల చుక్కలతో వెలిగే పెద్ద బోర్డులలో చుక్కకూ చుక్కకూ ఎడమ సెంటీమీటరు ఉండడం సాధారణమే గనుక, ఈ పోలిక కంటిని మోసగించదు.

కొంచెం పెద్దదైన 2.4 అంగుళాల రంగు తెర వెడల్పు 49 మిల్లీమీటర్లు. నమూనాలో అది 14 అడుగుల పలక. గుడారం వేసి అందులో అమర్చితే పాతకాలపు టూరింగు టాకీసు సిద్ధం. ఆ తెర పనిచేసే తీరు రాయలసీమవారికి వివరించడం సులభం. తోలుబొమ్మలాటలో దీపం తెరవెనుక ఉంటుంది; బొమ్మ వెలుగును కొంత ఆపి కొంత వదలుతుంది. ఈ రంగు తెరలో జరిగేదీ అదే. ముందు చెప్పిన చిన్నతెరలో వెనుక దీపం లేదు. ప్రతి చుక్కా తానే దీపం.

అయితే బొమ్మ కదలడానికి ఖర్చు ఎక్కువ. 2.4 అంగుళాల తెరలో 76,800 చుక్కలున్నాయి. చుక్కకు రెండేసి బైట్ల చొప్పున ఒక్క బొమ్మకు 1,53,600 బైట్లు. క్షణానికి 24 బొమ్మలు మారాలంటే సుమారు 37 లక్షల బైట్లు ప్రవహించాలి. ఇటలీలో 2005లో విద్యార్థుల కొరకు పుట్టిన ఆర్డువీనో పలకకు ఇది మించిన బరువు. బ్రిటనులో 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటిది దీనికి కావాలి. అక్షరాలు చూపడానికి మాత్రం ఆర్డువీనో చాలు.

ఔచిత్యం

తెర చేతికి దొరికినది గదా అని బల్లనిండా వెలుగులు నింపడం కొందరి అలవాటు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఈ బల్లకూ అదే శాసనం. ఆవిరి ఇంజను పొగచిమ్ముకుంటూ వచ్చే ప్లాట్‌ఫారంమీద విద్యుత్తు అక్షరాల బోర్డు వెలగరాదు. అక్కడ సుద్దముక్కతో వ్రాసిన నల్లబల్లే శోభ. టూరింగు టాకీసు పట్టపగలు ఆడరాదు. తెర కాంతి చుట్టుప్రక్కల దీపాలను మించితే, చూచేవాని కన్ను రైలును విడిచి తెరకే అంటుకుంటుంది. అందుచేత కాంతిని తగ్గించాలి, తెర అంచులను గోడలోనో చట్రంలోనో దాచాలి, అవసరమైతే మసకరంగు పొరను అతికించాలి.

అన్నిటికంటె ముఖ్యం, తెర నిజం చెప్పాలి. బండి పెట్టె అడుగున చిన్న అయస్కాంతం అంటించి, పట్టాల నడుమ రీడ్ స్విచ్ అమర్చితే, బండి పైకి రాగానే స్విచ్ కలుస్తుంది, బోర్డు వెలుగుతుంది. బండి పోగానే ఆరిపోతుంది. దీనివలన రెండు లాభాలు. చెప్పిన మాటకూ జరిగిన పనికీ సంబంధం ఏర్పడుతుంది. పైగా ఒకే అక్షరాలు రాత్రింబవళ్లు వెలిగితే ఈ రకపు తెరలో ఆ చుక్కలు త్వరగా మసకబారుతాయి. ఆ చేటు తప్పుతుంది.

తెలుగు ఎక్కడ?

ఇంతవరకు అంతా సుగమమే. అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. తెరను పలకకు తగిలించి ఆంగ్లంలో ఆదోని అని వ్రాయమంటే మరుక్షణం వ్రాస్తుంది. ఆంగ్లాక్షరాలు దానితో వచ్చే కార్యక్రమంలోనే ఉన్నాయి. ఒక్కొక్క అక్షరానికి 5 చుక్కల వెడల్పు, 7 చుక్కల ఎత్తు చాలు. తెలుగులో వ్రాయమంటే మాత్రం అది మూగపోతుంది.

తెలుగుకు యూనికోడులో 1991లోనే స్థానం లభించింది. చేతిఫోనులో తెలుగు చక్కగా కనబడుతున్నది కూడ. కాని అక్కడ హల్లుకు గుణింతం చేర్చి, వత్తును క్రిందికి దించి, అక్షరాన్ని కూర్చే పెద్ద యంత్రాంగం తెరవెనుక ఉన్నది. 2048 బైట్ల పని జ్ఞాపకం గల చిన్న పలకలో, అందులో సగం తెర బొమ్మకే పోగా, అటువంటి యంత్రాంగానికి చోటు లేదు.

ఇక్కడ ఉపాధ్యాయుని ముందు రెండు దారులున్నాయి. ఆంగ్లంతో సరిపెట్టుకోవడం ఒకటి. నిజమైన ఆదోని స్టేషనులో తెలుగు పలక ఉన్నది. పిల్లలు కట్టిన ఆదోనిలో తెలుగు లేకపోతే, ఆ పిల్లలకు తెలియకుండానే ఒక పాఠం అందుతుంది. కొత్త యంత్రం ఉన్నచోట తన భాషకు చోటు లేదన్నదే ఆ పాఠం. రెండవదారి, అక్షరాన్ని చుక్కచుక్కగా తామే గీసి తెరకు ఇవ్వడం. ఇది కష్టం. కాని ఈ కష్టానికి విరుగుడు తెలిసిన ఊరు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది.

గళ్లకాగితం

బట్టలో పువ్వు నేయదలచినవాడు ముందుగా గళ్లకాగితంమీద దానిని గీస్తాడు. నిలువు గళ్లు పడుగు పోగులు. అడ్డు గళ్లు పేక పోగులు. గడి నిండితే పోగు పైకి లేవాలి, ఖాళీ అయితే క్రిందనే ఉండాలి. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో 1804లో జకార్డు ఈ గళ్లను అట్టలమీది రంధ్రాలుగా మార్చాడు. రంధ్రం ఉన్నచోట ఒక పని, లేనిచోట మరొక పని. ఆ అట్టలను చూచే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బాబేజి తన గణనయంత్రానికి ఆజ్ఞలిచ్చే మార్గాన్ని ఊహించాడు. నేటి తెరమీద వెలిగే చుక్క ఒకటి, ఆరిన చుక్క సున్న. ఎమ్మిగనూరు వీధులలో మగ్గం ముందు కూర్చున్నవానికి ఈ భాష పరాయిది కాదు, తాతనాటినుండి తెలిసినదే.

కనుక పాఠశాలలో పని ఇలా సాగవచ్చును. గళ్లకాగితంమీద 24 అడ్డు వరుసలు తీసుకోవాలి. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ. పై 6 వరుసలు తలకట్టుకూ గుడికీ. నడుమ 10 వరుసలు అక్షరానికి. క్రింది 8 వరుసలు వత్తుకు. తెర ఎత్తు 64 చుక్కలు గనుక ఇటువంటి పంక్తులు రెండు హాయిగా పడతాయి. తెరమీద అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లు. చేయి చాచినంత దూరంనుండి చదువవచ్చును. 24 గళ్ల చదరంలో ఒక అక్షరానికి 576 చుక్కలు, అంటే 72 బైట్లు. ఊరిపేరు ఎంత పెద్దదైనా పలక సులభంగా మోయగలదు.

‘ఆదోని’ తేలిక, మూడే అక్షరాలు, క్రింది అంతస్తు ఖాళీ. ‘కోసిగి’ కూడ అంతే. కాని రెండు గుడులూ స్పష్టంగా తేలాలి. ‘మంత్రాలయం రోడ్’ వచ్చేసరికి తకు రవత్తు చుట్టాలి. పంక్తిలో చోటు చాలక పేరును కదిలించవలసి రావచ్చును. ఒక్క చుక్క తప్పితే గుడి గుడిదీర్ఘమవుతుంది. ఒక్క గీత ఎక్కువైతే ‘ద’ ‘ధ’ అవుతుంది. గుండ్రని తెలుగు వంపు చదరపు గళ్లలో మెట్లుమెట్లుగా విరుగుతుంది. ఏ చుక్కను విడిస్తే వంపు మిగులుతుందో తేల్చడానికి పిల్లలు తమ లిపిని మొదటిసారిగా నిదానించి చూస్తారు. ఏడాదిపాటు కాపీపుస్తకం వ్రాసినా అబ్బని అక్షరపరిచయం ఒక వారంలో అబ్బుతుంది. లెక్కల మాస్టారికి నిష్పత్తి, సైన్సు మాస్టారికి విద్యుత్తు, తెలుగు మాస్టారికి గుణింతం, ఒకే బల్లమీద దొరుకుతాయి.

అమరికలో జాగ్రత్తలు కొద్దివే. తెరకు తీగలు నాలుగు: విద్యుత్తుకు రెండు, సమాచారానికి రెండు. బల్లకు రంధ్రం చేసి క్రిందికి దించితే కనబడవు. రైలు నడిపే 12 వోల్టుల విద్యుత్తును తెరకు నేరుగా ఇవ్వరాదు. 5 వోల్టులు వేరుగా తెచ్చుకోవాలి. గోడలోని విద్యుత్తుతో పిల్లలకు పని ఉండరాదు. తగిన అడాప్టరు ఉపాధ్యాయుని చేతిలోనే ఉండాలి.

ఇక చివరి పేరు. ‘ఎమ్మిగనూరు’. ఐదు అక్షరాలు, మకు మవత్తు, దానిమీద గుడి; మూడంతస్తులూ నిండే పేరు. ఆ ఊరికి రైలు లేదు. కాని బల్లమీద పట్టాలు పరిచేవాడు పిల్లవాడే అయినప్పుడు, ఆదోని దాటిన తరువాత ఒక పాయను ప్రక్కకు త్రిప్పి, చిన్న ప్లాట్‌ఫారం కట్టి, కప్పుక్రింద అంగుళం తెర వ్రేలాడదీస్తే కాదనేవారెవరు? అయస్కాంతం స్విచ్‌ను తాకుతుంది. తాను గళ్లలో నింపిన చుక్కలే తన ఊరిపేరై వెలుగుతాయి. నేతగాని మనుమడు నేసిన ఆ ఐదక్షరాల క్రింద బండి వచ్చి ఆగుతుంది.