గీత రాకపోతేనే దొరికినట్టు

కాటేదాన్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు పాఠం చెబుతుంటే ఒకమ్మాయి లేచింది. “సార్, ప్రెగ్నెన్సీ టెస్టులో రెండు గీతలొస్తే ఉన్నట్టు. డ్రగ్ టెస్టులో రెండు గీతలొస్తే లేనట్టు. ఎందుకిలా తిరగబడింది?”

కిటుకంతా అక్కడే ఉంది. గర్భిణి మూత్రంలో కనిపించే హెచ్‌సీజీ పెద్ద ప్రోటీన్, అణుభారం 37 వేల దాకా. రెండు యాంటీబాడీలు చెరో వైపు పట్టుకోగలవు, అప్పుడే గీత వస్తుంది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం అణుభారం 309. ఒక యాంటీబాడీ పట్టిందంటే రెండోదానికి చోటే మిగలదు. ఇంత చిన్న అణువును ఒంటరిగా ఎక్కిస్తే జంతువు శరీరం అసలు పట్టించుకోదు. పెద్ద ప్రోటీన్‌కు అతికించి ఎక్కిస్తేనే యాంటీబాడీలు పుడతాయి.

అందుకే ఇక్కడ పోటీ పెట్టారు. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వెళ్లే షేర్ ఆటోలను తలుచుకోండి. ఆటోలంటే యాంటీబాడీలు. ఒంటికి బంగారు నానో రేణువులు అంటించుకుని ఉంటాయి, బంగారం అంత సన్నమైతే ఎర్రగా కనిపిస్తుంది. దారి మధ్యలో ‘టీ’ (టెస్ట్) గీత దగ్గర అల్ప్రాజోలం జాతి మందు అణువులను స్ట్రిప్ పొరకు అతికించి ఉంచుతారు, స్టాపులో కదలకుండా నిలబడ్డ ప్రయాణికుల్లా. మూత్రంలో మందు లేకపోతే ఆటోలు ఖాళీగా వచ్చి స్టాపులో ఆగుతాయి. ఎర్ర గీత! మూత్రంలోనే మందు ఉంటే ఆటోలు బయల్దేరిన చోటే నిండిపోతాయి, స్టాపు దాటి వెళ్లిపోతాయి. గీత ఉండదు. ఆపైన ‘సీ’ (కంట్రోల్) గీత టోల్‌గేటు. నిండినా ఖాళీ అయినా బండిని ఆపుతుంది. అదీ రాకపోతే స్ట్రిప్పే పాడైందని అర్థం. ‘టీ’ దగ్గర లేత గులాబీ చార కనిపించినా నెగటివే. కొత్త టెక్నీషియన్లు పొరబడేది ఇక్కడే.

ఈ పోటీ ఎత్తుగడ శాస్త్రవేత్తలు రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్‌లది. ఇన్సులిన్‌ను రేడియోధార్మిక జాడతో అలా కొలిచారు. 1970లో స్పెక్టర్, పార్కర్ అనే పరిశోధకులు దాన్నే మార్ఫిన్‌కు వాడారు. 1971లో వియత్నాం నుంచి తిరిగొచ్చే అమెరికా సైనికుల మూత్రాన్ని యాంటీబాడీలే పరీక్షించాయి. ఇప్పుడు మన శంషాబాద్ మీదుగా ఎగిరే పైలట్ల వంతు. 2022 జనవరి 31 నుంచి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం విమాన సిబ్బందిని ర్యాండమ్‌గా పరీక్షిస్తున్నారు.

యాంటీబాడీకి తెలిసింది ఆకారమే. ఆ మార్ఫిన్ ఎక్కడిదని అది అడగదు. గసగసాల్లో కాస్త మార్ఫిన్ ఉంటుంది. అందుకే అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో 1998లో ఓపియేట్ల హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. ఆకారం కలిసిన వేరే అణువునూ యాంటీబాడీ పట్టేయొచ్చు. స్ట్రిప్ పట్టిచ్చిన శాంపిల్ అందుకే, అణువును కచ్చితంగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు వెళ్తుంది.

అమ్మాయి ఒక స్ట్రిప్‌ను మందు కలిపిన ద్రావణంలో ముంచింది. ఐదు నిమిషాలు. ‘సీ’ దగ్గర ఎరుపు, ‘టీ’ దగ్గర ఒట్టి తెల్లటి పొర. “ఆటోలన్నీ నిండిపోయాయి సార్” అంది.