పాత సాఫ్ట్‌వేర్‌కు కొత్త డీఎల్‌ఎల్: బిల్డ్ ఎర్రర్ వస్తే ఎక్కడ చూడాలి?

కుందుర్పి లాంటి కరువు మండలాల నుంచి బెంగళూరుకు, హైదరాబాద్‌కు పని వెతుక్కుంటూ వెళ్లే యువత కొత్తేమీ కాదు. సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వెళ్లిన కుర్రాడికి మొదట దొరికే పని కొత్త యాప్ కాకపోవచ్చు. ఏదో దుకాణంలో ఏళ్లుగా నడుస్తున్న విజువల్ బేసిక్ 6 బిల్లింగ్ ప్రోగ్రామ్‌కు జీఎస్టీ లెక్క జోడించమనవచ్చు. 1998లో వచ్చిన వీబీ6 డెవలప్‌మెంట్ టూల్‌కు మైక్రోసాఫ్ట్ 2008లోనే సపోర్ట్ ఆపేసింది. అయినా దానితో రాసిన ప్రోగ్రామ్‌లు విండోస్‌లో ఇప్పటికీ నడుస్తున్నాయి.

కొత్త లెక్కను డాట్‌నెట్‌లో రాస్తే అది మేనేజ్డ్ కోడ్. దాని మెమరీని రన్‌టైమే చూసుకుంటుంది. వీబీ6కు ఆ భాష తెలియదు, దానికి తెలిసింది కామ్ పద్ధతి. రెండింటి మధ్య దుబాసీ పని చేసేదే కామ్ ఇంటరాప్. చిక్కులన్నీ అక్కడే వస్తాయి.

రిజిస్టర్ కాలేదు, యాక్సెస్ డినైడ్

ప్రాజెక్ట్‌లో ‘రిజిస్టర్ ఫర్ కామ్ ఇంటరాప్’ టిక్ చేస్తే బిల్డ్ సమయంలో విండోస్ రిజిస్ట్రీలో రాయాల్సి ఉంటుంది. దానికి అడ్మిన్ హక్కు కావాలి. విజువల్ స్టూడియోను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’గా తెరిస్తే ఈ ఎర్రర్ పోతుంది.

రిజిస్టర్ చేయడానికి టైప్‌లే లేవు

ఈ వార్నింగ్ వస్తే తప్పు కోడ్‌లో ఉంది. అసెంబ్లీ ఇన్ఫో ఫైల్‌లో కామ్‌విజిబుల్ సాధారణంగా ఫాల్స్‌గా ఉంటుంది. బయటికి చూపాల్సిన క్లాస్ మీద దాన్ని ట్రూ చేయాలి. క్లాస్ పబ్లిక్‌గా ఉండాలి, పారామీటర్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ ఉండాలి. జెనరిక్ క్లాసులు, స్టాటిక్ మెథడ్లు కామ్‌కు కనిపించవు.

ఫైల్ వాడకంలో ఉంది

వీబీ6 గానీ ఎక్సెల్ గానీ పాత డీఎల్‌ఎల్‌ను పట్టుకుని కూర్చుంటే కొత్తది దాని మీద రాయడం కుదరదు. ముందు వాటిని మూసేసి, తర్వాత బిల్డ్ చేయాలి.

బిల్డ్ అయింది, కానీ 429 ఎర్రర్

అసలు ఇబ్బంది పెట్టేది ఇదే. తన కంప్యూటర్‌లో బాగానే నడుస్తుంది, దుకాణంలో పెట్టగానే ‘ఆబ్జెక్ట్ క్రియేట్ చేయలేను’ అంటుంది. ఎందుకంటే బిల్డ్ చేసిన రిజిస్ట్రేషన్ ఆ ఒక్క మెషిన్‌కే పరిమితం. దుకాణం మెషిన్‌లో రెగ్‌యాజమ్ టూల్‌ను కోడ్‌బేస్, టీఎల్‌బీ ఆప్షన్లతో మళ్లీ నడపాలి. వీబీ6 ప్రోగ్రామ్ 32 బిట్‌ది కాబట్టి ‘ఫ్రేమ్‌వర్క్’ ఫోల్డర్‌లోని రెగ్‌యాజమ్‌నే వాడాలి. ‘ఫ్రేమ్‌వర్క్64’లోది వాడితే రిజిస్టర్ అయినట్టే చెబుతుంది, వీబీ6కు మాత్రం కనిపించదు. 64 బిట్ ఎక్సెల్‌కైతే దీనికి రివర్స్.

ఇంటర్‌ఫేస్‌కు, క్లాస్‌కు గైడ్ నంబర్లు తామే రాసి ఉంచుకోవడం కూడా ముఖ్యం. రాయకపోతే కోడ్ మారినప్పుడు అవీ మారవచ్చు, అప్పుడు పాత ప్రోగ్రామ్ వెతికే చిరునామా తప్పిపోతుంది. కొత్త మెథడ్ కావాలంటే పాత ఇంటర్‌ఫేస్‌ను కదిలించకుండా ఇంకోటి రాయడం మేలు.

ఇదంతా డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ సంగతి. 2019లో వచ్చిన డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి దారి వేరు. అక్కడ రెగ్‌యాజమ్ పనికిరాదు. ప్రాజెక్ట్ ఫైల్‌లో కామ్ హోస్టింగ్ ఆన్ చేసి, బిల్డ్‌లో వచ్చే కామ్‌హోస్ట్ డీఎల్‌ఎల్‌ను రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేయాలి.

‘బిల్డ్ సక్సీడెడ్’ అని కనిపించినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. విజువల్ స్టూడియో లేని వేరే కంప్యూటర్‌లో ఒక బిల్లు తీసి చూశాకే దుకాణదారుడికి అప్పగించాలి. లేదంటే సంత రోజున కౌంటర్ దగ్గర ఆగిపోయేది అతని వ్యాపారమే.