చంద్రుడి మీద బండి - భూమి మీద పగ్గాలు

అరచేతిలో కర్రను నిలువుగా నిలబెట్టే ఆట మీరు ఆడే ఉంటారు. కర్ర కుడికి ఒరిగితే చేతిని కుడికి జరుపుతాం. ఎడమకు ఒరిగితే ఎడమకు జరుపుతాం. కన్ను చూస్తుంది, మెదడు నిర్ణయిస్తుంది, చెయ్యి కదులుతుంది. ఫలితాన్ని మళ్ళీ కన్ను చూస్తుంది. ఇలా చూస్తూ సరిదిద్దుకోవడాన్నే నియంత్రణ అంటారు. ఇప్పుడు కళ్ళు మూసుకొని, అప్పుడప్పుడు మాత్రం తెరిచి చూస్తూ ఇదే ఆట ఆడండి. కర్ర నిలవదు. రెండు చూపుల మధ్యలో పరిస్థితి చెయ్యి దాటిపోతుంది.

నడిపేవారు ఒకచోట, నడిచే యంత్రం మరొకచోట ఉంటే ఈ చిక్కు మరింత పెరుగుతుంది. 1970 నవంబరు 17న సోవియట్ యూనియన్ పంపిన లూనా-17 నౌక చంద్రుడిపై దిగింది. అందులోంచి లూనోఖోద్-1 అనే ఎనిమిది చక్రాల బండి బయటికి వచ్చింది. అందులో మనిషి లేడు. భూమి మీద కూర్చున్న ఐదుగురు సభ్యుల బృందం రేడియో సంకేతాలతో దానిని నడిపింది. 1973 జనవరిలో లూనోఖోద్-2 దిగింది. దారి చూపే దాని కెమెరా 3.2 సెకన్ల నుంచి 21.1 సెకన్ల వరకు కాలం తీసుకొని ఒక్కొక్క చిత్రాన్ని పంపేది. బండి గంటకు 2 కిలోమీటర్ల వేగంతో పోతే 21 సెకన్లలో సుమారు 12 మీటర్లు కదులుతుంది. అంత దూరం నడిపేవారు కళ్ళు మూసుకొని నడిపినట్లే! పైగా సంకేతం చంద్రుడి నుంచి భూమికి చేరడానికే సుమారు 1.3 సెకన్లు పడుతుంది. తిరిగి ఆజ్ఞ చేరడానికి మరో అంత.

మరి చిత్రాలను త్వరత్వరగా పంపవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. వార్త వచ్చే దారి ఇరుకైనది. ఒక సెకనులో ఇన్ని బిట్లే అందులో పడతాయి. బిట్ అంటే ‘అవును-కాదు’ వంటి ఒక్క జవాబు. ఈ కొద్ది బిట్లను రెండు పనులకు పంచుకోవాలి. ఎంత తరచుగా చూడాలన్నది మొదటిది. దీనిని శాంప్లింగ్ అంటారు. చూసిన విలువను ఎన్ని మెట్లుగా విభజించి చెప్పాలన్నది రెండవది. దీనిని క్వాంటైజేషన్ అంటారు.

టెలిఫోనును ఉదాహరణగా తీసుకుందాం. డిజిటల్ టెలిఫోను మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ప్రతి కొలతనూ 8 బిట్లతో, అంటే 256 మెట్లలో ఒకటిగా చెబుతుంది. మొత్తం సెకనుకు 64,000 బిట్లు. దారిలో 32,000 బిట్లే పడితే ఏం చేయాలి? కొలతలను 4,000కు తగ్గించవచ్చు. అప్పుడు త్వరగా మారే ధ్వనులు జారిపోతాయి. లేదా 4 బిట్లతో సరిపెట్టుకోవచ్చు. అప్పుడు 16 మెట్లే మిగిలి, చిన్న తేడాలు తెలియవు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

ఏది వదులుకోవాలో నియంత్రించే వస్తువే చెబుతుంది. పెద్ద చెరువులో నీటిమట్టం మెల్లగా మారుతుంది. దానిని ఎప్పుడో ఒకసారి చూసినా చాలు, కాని సరిగ్గా కొలవాలి. అరచేతిలోని కర్ర అలా కాదు. అది ఎన్ని డిగ్రీలు ఒరిగిందో తీరికగా లెక్కించేలోగా పడిపోతుంది. ‘ఎడమ’, ‘కుడి’ అనే ముతక వార్త అయినా వెంటవెంటనే అందాలి.

ఇందులో దాటరాని హద్దు ఒకటి ఉన్నదని 2000 ప్రాంతంలో పరిశోధకులు గణితంతో నిరూపించారు. ఒక వ్యవస్థలో తప్పు సెకనుకు రెట్టింపవుతుందనుకోండి. అది ఎక్కడున్నదో మనకు తెలియని పరిధి కూడా రెట్టింపవుతుంది. ఒక్క బిట్ వార్త ఆ పరిధిని సగం చేస్తుంది. కాబట్టి సెకనుకు సగటున ఒక బిట్‌కన్నా తక్కువ అందితే, ఎంత తెలివిగా నడిపినా ఆ వ్యవస్థ నిలవదు. మీటరు పొడవు కర్ర ఒరుగుదల సెకనులో ఐదోవంతు కూడా గడవకముందే రెట్టింపవుతుంది. పెన్సిలు విషయంలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. పెన్సిలు కంటే పొడవు కర్రను నిలబెట్టడం తేలిక కావడానికి కారణం ఇదే.

లూనోఖోద్-2 ఇన్ని చిక్కుల మధ్య 39 కిలోమీటర్లు నడిచింది. 1973 మే నెలలో ఒక గుంటలోకి దిగింది. దాని సౌరఫలకం మీద, వేడిని బయటికి పంపే భాగం మీద దుమ్ము పడింది. లోపలి వేడి పెరిగి దాని ప్రయాణం ముగిసింది.

వార్తాదారి చాలనప్పుడు మరొక ఉపాయం ఉన్నది. నిర్ణయించే మెదడును యంత్రం దగ్గరే ఉంచడం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 లోని విక్రమ్ చంద్రుడిపై దిగినప్పుడు, కిందికి దిగే ఆ కొద్ది నిమిషాలూ తనను తానే నడుపుకున్నది. బెంగళూరు కేంద్రంలోని శాస్త్రజ్ఞులు చూస్తూ కూర్చున్నారు. తొందరగా తేల్చవలసిన పనిని అక్కడికే వదిలి, నిదానంగా ఆలోచించవలసిన పనిని తమ దగ్గర ఉంచుకున్నారు. పగ్గాలు పొడవైనప్పుడు బండికి కొంత తెలివి నేర్పి పంపడమే మేలు.