ఒక్క పూట యుద్ధం, రెండు నెలల శోకం

క్రీ.శ. 680 అక్టోబరు 10న, అంటే హిజ్రీ 61 మొహర్రం పదో రోజున, ఇప్పటి ఇరాక్‌లోని కర్బలాలో ప్రవక్త మహమ్మద్ మనవడు ఇమాం హుసేన్ ఖలీఫా యజీద్ సైన్యం చేతిలో నేలకొరిగాడు. ఆయన పక్షాన అమరులైనవారు 72 మందని సంప్రదాయం చెబుతుంది. పొద్దు గుంకేలోపే అంతా అయిపోయింది. హైదరాబాద్ పాతబస్తీలోని షియా కుటుంబాలు మాత్రం దానికి రెండు నెలల ఎనిమిది రోజులు సంతాపం పాటిస్తాయి. అందులో పోరాడినవారి వంతు మొదటి పది రోజులే. తక్కిన కాలమంతా వారి వెనక మిగిలిన ఆడవాళ్లది, పిల్లలది.

ఈ సంప్రదాయానికి దాదాపు నగరమంత వయసుంది. చార్మినార్ కట్టిన మూడేళ్లకు, 1594లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా బాద్‌షాహీ ఆషూర్‌ఖానా అనే సంతాప మందిరం కట్టించాడు. లోహంతో చేసిన ఆలంలను అక్కడ నిలిపారు. తెలుగు పల్లెల్లో పీర్లు అనేది వీటినే. 1687లో గోల్కొండ మొఘలుల వశమయ్యాక అక్కడి ఆచారాలు ఆగిపోయాయి. వాటిని మళ్లీ మొదలుపెట్టించింది ఆసఫ్‌జాహీ పాలకుడు నిజాం అలీఖాన్. 1908 మూసీ వరదకు గోడల కింది భాగంలో రంగు పలకలు పాడైతే, ఆ మేరకు రంగులు వేసి సరిపెట్టారు. దగ్గరికి వెళ్లి చూస్తే పాత పనికీ కొత్త పనికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

పదో రోజున ఏనుగు మీద ఊరేగే బీబీ కా ఆలం ఏ వీరుడి పేరిటా వెలిసింది కాదు. అది హుసేన్ తల్లి ఫాతిమా పేరిట ఉన్నది. ఆమె కర్బలాకు దాదాపు యాభై ఏళ్ల ముందే చనిపోయింది. ఆమెకు అంత్యస్నానం చేయించిన చెక్కలోని ముక్క ఆ ఆలంలో ఉందని నమ్మకం. దాన్ని మొదట గోల్కొండలో నిలిపింది కూడా ఒక స్త్రీయే, కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం. ఆసఫ్‌జాహీల కాలంలో అది దబీర్‌పురాకు చేరింది. నిజాములు సమర్పించిన నగలను నల్ల సంచుల్లో కట్టి ఆలానికి వేలాడదీస్తారు. ఊరేగింపు చార్మినార్ మీదుగా మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దాకా సాగుతుంది. దారుల్‌షిఫాలోని సంతాప మందిరం అజాఖానా-ఎ-జెహ్రా కూడా ఒక స్త్రీ జ్ఞాపకమే, దాన్ని ఏడో నిజాం తన తల్లి పేరిట కట్టించాడు.

మొహర్రం నెలవంక కనిపించగానే ఇళ్లలో ఆడవాళ్లు గాజులు తీసేసి నల్లబట్టలు కడతారు. శుభకార్యాలు ఆగిపోతాయి. మజ్లిస్‌లు, అంటే సంతాప సభలు, మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. ఆడవాళ్ల మజ్లిస్‌లో మర్సియా శోకపద్యాలు చదివేదీ, కర్బలా గాథ చెప్పేదీ, నౌహా విలాపగీతాలు ఎత్తుకునేదీ ఆడవాళ్లే. ఏడో రోజు హుసేన్ అన్న కొడుకు ఖాసిం పెళ్లి మెహందీని తలుచుకుంటారు, ఎనిమిదో రోజు నీళ్లు తేవడానికి వెళ్లి ప్రాణం విడిచిన హుసేన్ తమ్ముడు అబ్బాస్‌ను. వీధుల్లో దాహం తీర్చే సబీల్‌లు వెలిసేది కర్బలాలోని ఆ దప్పిక జ్ఞాపకంగానే. వాటి దగ్గర ఆగి నీళ్లో షర్బత్తో తాగేవాళ్లను ఏ మతమని ఎవరూ అడగరు.

పదో రోజు సాయంత్రం షామ్-ఎ-గరీబాఁ. కర్బలాలో హుసేన్ పక్షం గుడారాలు తగలబడిపోయాక బతికినవారు గడిపిన మొదటి రాత్రి అది. దీపాలు ఆర్పేసి ఆ చీకట్లోనే మజ్లిస్ జరుపుతారు.

పల్లెల్లో పీర్ల పండగ ఇంచుమించు ఇక్కడితో సరి. పాతబస్తీలో ఇక్కడినుంచి బందీల ప్రయాణం మొదలవుతుంది. జబ్బుతో పోరుకు దిగలేక బతికిన హుసేన్ కొడుకు జైనుల్ ఆబిదీన్‌ను మెడలో ఇనుప కడియంతో కూఫాకూ, అక్కడినుంచి డమాస్కస్‌కూ నడిపించారు. ఆ కడియం తునక దారుల్‌షిఫాలోని సర్‌తౌఖ్ ఆలంలో ఉందని భక్తుల విశ్వాసం. యజీద్ దర్బారులో హుసేన్ చెల్లెలు జైనబ్ నిలబడి అతణ్ణి నిలదీసింది. కర్బలాలో ఏం జరిగిందో లోకానికి చెప్పిన గొంతు ఆమెది కాబట్టే, ఈ రోజుల మజ్లిస్‌లలో ఆమె ప్రసంగానికి అంత చోటు. నలభయ్యో రోజున చెహ్లుం చేస్తారు. సంతాపం రబీ ఉల్ అవ్వల్ ఎనిమిదిన ముగుస్తుంది. ఆ తరువాతే గాజులు, రంగు బట్టలు, ఆగిన పెళ్లి మాటలు.