పాత పార్టును పారవేయకండి

మా యింటిలో 1972 మోడల్ అంబాసిడర్ కారు ఉన్నది. మా నాన్నగారు నడిపిన బండి. "ఇంకా ఎందుకు అయ్యగారూ, తూకానికి వేసేయండి" అని సలహా ఇచ్చినవారు అనేకులు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ వారు చేసిన ఈ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. మా మోడలు పార్టులైతే అంతకు ముందునుండే కరువు.

రెండేండ్ల క్రిందట మా బండి ఎక్కడ ఆపితే అక్కడ ఇంజను ఆగిపోవడం మొదలుపెట్టినది. ప్లగ్గులు మార్చాము, పాయింట్లు మార్చాము, ప్రయోజనము లేదు. చివరకు దోషము ఎస్.యు. కార్బురేటరులో బయటపడినది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు లోపలి గుండ్రని బిళ్లను తిప్పే సన్నని ఇరుసు ఒకటుంటుంది. ఏండ్ల తరబడి తిరిగి ఆ ఇరుసూ అరుగుతుంది, అది కూర్చునే అల్యూమినియం రంధ్రమూ అరుగుతుంది. ఆ సందులోనుండి దొంగగాలి చొరబడి, ఇంజనుకు చాలినంత పెట్రోలు అందదు. మీకూ అనుమానముంటే, ఇంజను తిరుగుతుండగా ఇరుసు చివర రెండు చుక్కలు పలుచని ఆయిల్ వేసి చూడండి. శబ్దము మారితే గాలి అక్కడే పోతున్నట్టు.

మా ఊరి మెకానిక్ ఒకరు కొత్త ఇరుసు చేయించి బిగించారు. నలభై కిలోమీటర్లు వెళ్లామో లేదో, ఇంజనులో గులకరాళ్లు పోసినట్టు శబ్దము! బిళ్లను ఇరుసుకు పట్టి ఉంచేవి రెండు చిన్న స్క్రూలు. వాటి కొసలు చీలి ఉంటాయి. బిగించిన తరువాత ఆ కొసలను విడదీయాలి, లేకుంటే ఊడివస్తాయి. ఆయన మరచిపోయారు. ఒక స్క్రూ ఇంజనులో పడి పిస్టన్ తలపై గుంటలు చేసినది. చీకటివేళ పిల్లలతో రోడ్డు ప్రక్కన నిలబడ్డాము. ఆ నెల జీతము దానికే సరిపోయినది.

తరువాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన లేత్ మిషన్ దగ్గరకు వెళ్లాము. ఆయన మొదట అడిగిన మాట, "పాత ఇరుసు ఏదండీ?" అదృష్టవశాత్తు మా చిన్నవాడు దానిని జామెట్రీ బాక్సులో దాచుకున్నాడు. రాపిడి తగిలినచోటే ఇరుసు అరుగుతుంది. తగలని కొసలో అసలు కొలత అలాగే ఉంటుంది. ఆయన అక్కడ మైక్రోమీటరు పెట్టి కొలిచారు. రెండు రంధ్రాలనూ ఒకే వరుసలో పెద్దవి చేసి గన్‌మెటల్ బుష్షులు దించారు. వరుస తప్పితే బిళ్ల పట్టేస్తుందట. స్క్రూల కొసలు విడదీసి, మా కళ్లతో చూడమన్నారు.

అదే చేతితో బ్రేకు మాస్టర్ సిలిండరు కూడా చూపించాము. లోపల తుప్పు గుంటలు. ఎమరీ పేపరుతో రుద్దితే చాలునని మరొకరు చెప్పి ఉన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. "కార్బురేటర్ చెడితే బండి ఆగిపోతుంది. ఇది చెడితే బండి ఆగదండీ" అన్నారు. మా కారులో నాలుగు చక్రాల బ్రేకులకూ ఆ ఒక్క సిలిండరే ఆధారము. రుద్దితే రంధ్రము పెద్దదై రబ్బరు కప్పు ఒత్తిడిని ఆపలేదు, పెడలు మెల్లగా క్రిందికి దిగిపోతుంది. అందుచేత లోపల కోసి, స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేసి, పాత కొలతకే తెచ్చారు. రబ్బర్లు మాత్రము కొత్తవి తెచ్చేవరకు బిగించనన్నారు. వాటి కొరకు మేము మూడు వారాలు తిరిగాము, బండి షెడ్డులోనే ఉన్నది.

ఇప్పుడు విప్పిన ప్రతి పార్టుకూ చీటీ కట్టి పాత బిస్కెట్ డబ్బాలో వేస్తున్నాము. ఆ డబ్బా తాళము చిన్నవాడి దగ్గరే ఉన్నది. వాటర్ పంపు ఇరుసులో కూడా ఆట కనబడుతున్నది. వచ్చే నెల మరల ఆటోనగర్ వెళ్లాలి.