నలిగిన హాకీ కార్డు వెల ఎంత?

కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల బొమ్మల కార్డులు మొదట సిగరెట్ పెట్టెల్లోనూ, తర్వాత చూయింగ్ గమ్ పొట్లాల్లోనూ వచ్చేవి. పిల్లలు వాటిని జేబుల్లో కుక్కుకున్నారు, పందేలాడారు, రబ్బరు బ్యాండ్లు చుట్టి మూలన పడేశారు. అందుకే మిగిలిన పాత కార్డుల్లో ఎక్కువ భాగం నలిగినవే. అలాంటిది చేతికొస్తే చాలామంది వేసే లెక్క ఒకటే: చెక్కుచెదరని కార్డు వేలంలో ఎంత పలికిందో చూసి, అరిగినందుకు కొంత శాతం తీసేయడం. ఆ లెక్క మొదట్లోనే తప్పుతుంది. అంత పెద్ద ధరలో కార్డుకు ముట్టేది కొంతే. మిగతాది అది అన్నేళ్లపాటు చెడకుండా ఉన్నందుకు ఇచ్చే సొమ్ము. నలిగిన కార్డుకు ఆ రెండో భాగం అసలు లేదు. కాబట్టి దాని వెలను పైనుంచి తగ్గించుకుంటూ కాదు, కిందనుంచి కట్టుకుంటూ రావాలి.

1979-80లో ఓ-పీ-చీ సంస్థ వేసిన వేన్ గ్రెట్జ్‌కీ తొలి కార్డునే చూడండి. కార్డులకు 1 నుంచి 10 వరకు గ్రేడ్లు వేసే అమెరికా సంస్థ పీఎస్‌ఏ దగ్గర 10 తెచ్చుకున్న ఒక ప్రతి 2021లో 37.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మూలలు మొద్దుబారి మడతపడ్డ అదే కార్డు వందల డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. ప్రతులు వేలల్లో ఉన్నాయి. అరుదైనది కార్డు కాదు, దాని నిగారింపు. దీనికి పూర్తిగా ఎదురు కథ 1923-24లో మిఠాయి సంస్థ విలియం ప్యాటర్సన్ వేసిన కార్డులది. మొత్తం 40 కార్డులూ కూడబెట్టినవారికి బహుమతి అన్నారు గానీ, 25వ నంబరు బర్ట్ కోర్బో కార్డును మాత్రం చాలా కొద్దిగా వదిలారు. వ్యాపారుల తెలివి అప్పుడూ ఇంతే! ఆ కార్డు ఎంత చితికినా కొనేవాళ్లు పోటీపడతారు, ఎందుకంటే సెట్టు పూర్తికావడానికి వేరే దారి లేదు. కనీస ధరను నిలబెట్టేవి కొరత, ఆటగాడి పేరు. అరుగుదల వాటి తర్వాతే లెక్కలోకి వస్తుంది.

అరుగుదలలోనూ అన్నీ ఒకటి కావు. అట్ట అంటే ఒకదానిలో ఒకటి చిక్కుకున్న గుజ్జునారల పొర. మడిస్తే బయటివైపు నారలు తెగి, వాటిమీది సిరా పగులుతుంది. బరువు కింద పెట్టి చదును చేసినా తెగిన నారలు అతుక్కోవు. ఏటవాలు వెలుతురులో గీత బయటపడుతుంది. మూలల రాపిడికి మార్కెట్ కొంత మన్నిస్తుంది గానీ మడతకు అంతగా మన్నించదు. ఇక అంచుల విషయంలో కొత్తవాళ్లు తిరగేసి ఆలోచిస్తారు. ఓ-పీ-చీ కార్డులు అచ్చైన పెద్ద అట్టలను తీగతో కోయడం వల్ల అంచులు గరుకుగా ఉండటం ఆ కార్డులకు పుట్టుకతో వచ్చిన గుణం. నున్నటి అంచు కనబడితేనే స్కేలుతో కొలిచి చూడాలి, ఎవరైనా కత్తిరించారేమోనని.

గ్రేడు కూడా ఒక మనిషి అభిప్రాయమే కదా, దాన్ని ఎందుకు నమ్మాలి అని అడగొచ్చు. ఆ అనుమానానికి ఆధారం ఉంది. గ్రెట్జ్‌కీ ఒకప్పుడు భాగస్వామిగా కొన్న హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డుకు పీఎస్‌ఏ 8 ఇచ్చింది. దాని అంచులను తానే కత్తిరించానని వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అయితే ఈ మోసం పైమెట్టులో లాభం కోసం పుట్టింది. కిందిమెట్టులో భయం వేరే: నకిలీ. నలిగిందంటే పాతదేనని నమ్మడానికి లేదు, కొత్త ముద్రణనూ నలపొచ్చు. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం రెండో ప్రపంచయుద్ధం తర్వాతే పెరిగింది కాబట్టి, 1923 నాటిదని చెప్పే అట్ట అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగితే అనుమానించాల్సిందే. వెలగనంత మాత్రాన అసలుదని తేలిపోదు. అచ్చు చుక్కలను భూతద్దంతో అసలు ప్రతి పక్కన పెట్టి పోల్చాలి.

అందుకే నలిగిన కార్డుకు గ్రేడింగ్ వల్ల ఒరిగేది అంకె కాదు, అది అసలుదేనన్న ముద్ర. గ్రెట్జ్‌కీ కార్డుకు 1 వచ్చినా 2 వచ్చినా తేడా చిన్నదే. అసలుదని తేలితేనే కొనేవాడు ముందుకొస్తాడు. ఆ తర్వాత అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు పక్కనపెట్టి, అదే గ్రేడులో నిజంగా అమ్ముడైన నాలుగైదు ధరలు చూసుకోవాలి. పేరులేని ఆటగాడి నలిగిన కార్డయితే గ్రేడింగ్ రుసుమే దాని వెలను మించిపోతుంది, పంపడం దండగ.