నాలుక కింద డైనమైట్!

మా పెదనాన్న చొక్కా జేబులో కళ్లజోడు ఉన్నా లేకపోయినా సార్బిట్రేట్ మాత్రల పట్టీ మాత్రం ఉండాల్సిందే. మెట్లెక్కుతుంటే గుండె పట్టేసినట్టయితే ఆగి, ఓ మాత్ర నాలుక కింద పెట్టుకునేవారు. కొద్ది నిమిషాల్లోనే తేరుకునేవారు. ఆ చిన్న మాత్రకు దగ్గర చుట్టం ఎవరో తెలుసా... డైనమైట్!

1847లో ఇటలీలోని ట్యూరిన్‌లో అస్కానియో సొబ్రెరో నైట్రోగ్లిజరిన్ తయారుచేశాడు. కాస్త రుచి చూస్తే భరించలేనంత తలనొప్పి! ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో దాంతోనే డైనమైట్ చేసి పేటెంట్ తీసుకున్నాడు. 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ అదే పదార్థాన్ని బాగా పలచన చేసి, ముందు తను తీసుకుని, తర్వాత గుండెనొప్పి రోగులకిచ్చి ఫలితాన్ని 'లాన్సెట్'లో రాశాడు. విచిత్రమేంటంటే, చివరి రోజుల్లో నోబెల్‌కీ డాక్టర్లు అదే మందు రాశారు. జనం హడలిపోకుండా దాన్ని ట్రైనైట్రిన్ అంటున్నారని 1896లో తన సహాయకుడికి రాసిన ఉత్తరంలో ఆయనే చమత్కరించాడు.

నిజానికి ఈ మందు గుండెలోని అడ్డంకిని కరిగించదు. ఒంట్లోకి వెళ్లి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. వాహనాల పొగలో ఉండే వాయువే! దాంతో రక్తనాళాల గోడల్లోని కండరం సడలుతుంది. ముఖ్యంగా సిరలు వెడల్పై గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. మోత తగ్గిన గుండెకు ఉన్న ఆక్సిజనే సరిపోతుంది. ఈ వాయువు గుట్టు విప్పినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో వైద్య నోబెల్ వచ్చింది.

పేలుడు పదార్థాల ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు 'సోమవారం తలనొప్పి' ఉండేది. వారం గడిచేకొద్దీ ఒంటికి అలవాటై తగ్గిపోయేది. ఆదివారం సెలవు తర్వాత మళ్లీ మొదలు! ఒంటికి అలా అలవాటైతే మందూ పనిచేయదు. అందుకే రోజూ వాడే నైట్రేట్ మాత్రలకు రాత్రిపూట కొన్ని గంటలు విరామం ఉండేలా డాక్టర్లు రాస్తారు. మనవాళ్లేమో మధ్యాహ్నం మర్చిపోయిన మాత్రను పడుకోబోయేముందు వేసుకుని లెక్క సరిచేస్తారు. ఆ విరామం కాస్తా పోతుంది.

బీపీకి ఎక్కువగా ఇచ్చే ఆమ్లోడిపిన్ దారి వేరు. కండర కణాల్లోకి కాల్షియం వెళ్లకుండా ఆపి ధమనుల్ని సడలిస్తుంది. కొందరికి దీనివల్ల పాదాలు వాస్తాయి. కిడ్నీలు పోయాయేమోనని బెంగపడి మానేయకండి, డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. బీపీకే వచ్చిన మినాక్సిడిల్ అయితే వాడినవాళ్లకు వెంట్రుకలు పెంచి, చివరికి బట్టతల మందుగా పేరు తెచ్చుకుంది!

ఓసారి పెదనాన్న రేషన్ షాపు క్యూలో నిలబడే మాత్ర వేసుకున్నారు. బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి. నుదుటిమీద నాలుగు కుట్లు! కూర్చునే వేసుకోవాలి. మింగకూడదు, మింగితే చాలావరకు కాలేయంలోనే విరిగిపోతుంది. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాల్సిందే. వయాగ్రా వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు దాటకుండా ఈ మాత్ర ముట్టుకుంటే ప్రాణాలమీదికొస్తుంది. అంబులెన్స్‌లో మొహమాటపడి ఆ సంగతి దాచొద్దు. పక్కన కోడలున్నా సరే, చెప్పేయండి.